పాగల్‌ఖానా గోడలు అంత ఎత్తు ఎందుకు? విక్టోరియా కాలపు పిచ్చాసుపత్రుల కట్టుబడి వెనుక కథ

తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే పక్కవాళ్లు నవ్వుతూ అనే మాట ఒకటుంది: "వీడిని వైజాగ్ పంపాలి రా." ఇక్కడ వైజాగ్ అంటే బీచ్ కాదు, ఓడరేవూ కాదు. చినవాల్తేరులోని మెంటల్ ఆసుపత్రి. ఇదే మాట హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ, చెన్నైలో అయితే కీల్పాక్. ఊరి పేరు పోయి ఆసుపత్రి పేరు మిగిలింది.

సరదాకి అనే మాటే. కానీ ఇంట్లో నిజంగా ఒకరికి మనసు జబ్బు చేసినప్పుడు ఆ సరదా మాటే అడ్డం పడుతుంది. "మన బిడ్డను పాగల్‌ఖానాకు పంపిస్తామా? నలుగురూ ఏమనుకుంటారు?" అని నెలలు, ఏళ్లు దాచిపెడతారు. పాగల్‌ఖానా అనగానే కళ్ల ముందుకు వచ్చేది డాక్టరు కాదు, మందు కాదు. ఎత్తైన గోడ, పెద్ద ఇనుప గేటు, ఊచల కిటికీ, పొడవాటి చీకటి వసారా. అంటే మన భయమంతా ఒక కట్టడం చుట్టూ తిరుగుతోంది.

ఆ కట్టడానికి ఒక చరిత్ర ఉంది. అది సుమారు నూట డెబ్బై, నూట ఎనభై ఏళ్ల కింద ఇంగ్లండులో రూపుదిద్దుకుని, తెల్లవాళ్లతో పాటు మన దేశానికి వచ్చింది. ఆశ్చర్యం ఏమిటంటే, దాన్ని మొదట గీసినవాళ్లు జైలు కట్టాలనుకోలేదు. మనిషిని సంకెళ్ల నుంచి విడిపించే ఇల్లు కట్టాలనుకున్నారు.

సంకెళ్ల నుంచి కిటికీ దాకా

లండన్‌లోని బెత్లెం ఆసుపత్రి యూరప్‌లోని పాత పిచ్చాసుపత్రుల్లో ఒకటి. 1676లో దానికి రాజభవనం లాంటి కొత్త కట్టడం కట్టారు. బయట నుంచి చూస్తే కన్ను తిప్పుకోలేనంత అందం. లోపల గొలుసులు, గడ్డి పరుపులు. డబ్బులిచ్చి జనం వచ్చి రోగులను వింతగా చూసి పోయేవాళ్లు. 1814లో జేమ్స్ నోరిస్ అనే రోగిని ఏళ్ల తరబడి మెడకూ నడుముకూ ఇనుప పట్టీలు వేసి స్తంభానికి కట్టేసి ఉంచిన సంగతి బయటపడినప్పుడు ఇంగ్లండు అంతా ఉలిక్కిపడింది.

దీనికి కొన్నేళ్ల ముందే, 1796లో, యార్క్ నగరంలో విలియం ట్యూక్ అనే టీ, కాఫీ వ్యాపారి ఒక చిన్న ఆసుపత్రి తెరిచారు. పేరు 'రిట్రీట్', అంటే విశ్రాంతి తీసుకునే చోటు. అక్కడి నమ్మకం ఒకటే: మనసు చెదిరిన మనిషినీ మనిషిలా చూస్తే, ప్రశాంతమైన ఇంట్లో ఉంచి ఏదో ఒక పని చేయిస్తే కుదుటపడతాడు. ఆ ఇంటి కిటికీలకు ఊచలు లేవు. కిటికీ చట్రాన్నే ఇనుముతో చేసి, చూడటానికి చెక్కలా కనబడేట్టు రంగు వేశారు. కావలి ఉంది, కానీ కంటికి కనబడదు.

1839లో లండన్ దగ్గరి హాన్‌వెల్ ఆసుపత్రికి వచ్చిన డాక్టర్ జాన్ కొనోలీ, వందల మంది రోగులున్న పెద్ద ఆసుపత్రిలో కూడా గొలుసులు, పట్టీలు లేకుండా నడపొచ్చని చేసి చూపించారు. 1845లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి, ఇంగ్లండు, వేల్స్‌లో ప్రతి కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, పేద రోగుల కోసం ఆసుపత్రి కట్టి తీరాలంది. అక్కడి నుంచి విక్టోరియా రాణి కాలమంతా ఈ కట్టడాలు లేస్తూనే ఉన్నాయి.

అప్పటికి మనసు జబ్బులకు పనిచేసే మందు ఒక్కటీ లేదు. ఇప్పుడు మనం వాడే మాత్రలు 1950ల్లో గానీ రాలేదు. మందు లేనప్పుడు డాక్టరు చేతిలో ఏముంది? గాలి, వెలుతురు, తిండి, నిద్ర, పని, మంచి మాట. ఇవన్నీ ఇచ్చేది ఇల్లే. అందుకే ఆ కాలం డాక్టర్లు "కట్టడమే మందు" అని నమ్మారు. గోడ ఎక్కడ ఉండాలి, కిటికీ ఎంత తెరుచుకోవాలి అనేది వాళ్లకు మేస్త్రీ పని కాదు, వైద్యం.

ఒక్కో భాగానికి ఒక్కో లెక్క

ఇలాంటి కట్టడానికి ముందు స్థలం చూసుకునేవాళ్లు. ఊరికి దూరంగా, కాస్త మిట్ట మీద, నీళ్లు ఉన్నచోట. చెడు గాలి వల్లే జబ్బులు వస్తాయని అప్పటి నమ్మకం. కాబట్టి గాలి బాగా ఆడే చోటు కావాలి. పైగా ఊళ్లో కంటే అక్కడ భూమి చవక. రోగికి ప్రశాంతత అని చెప్పారు గానీ, ఊరికి రోగి కనబడకుండా పోవడం కూడా అందులోనే జరిగిపోయింది.

లోపలికి రాగానే నడిమధ్యన ఆఫీసు, సూపరింటెండెంటు గది, గుడి లాంటి ప్రార్థనా మందిరం. అక్కడి నుంచి పక్షి రెక్కల్లా రెండు వైపులా వార్డులు. ఒక రెక్క మగవాళ్లకు, ఒక రెక్క ఆడవాళ్లకు. నెమ్మదిగా ఉండే రోగులు మధ్య భాగానికి దగ్గరగా, అరిచే, కొట్టే రోగులు రెక్క చివర. కుదుటపడుతున్న కొద్దీ రోగి చివరి నుంచి మధ్యకు, మధ్య నుంచి గేటుకు జరుగుతూ రావాలి. తనెంత కోలుకున్నదీ రోగికి తన గదిని బట్టే తెలిసేది.

అమెరికాలో డాక్టర్ థామస్ కిర్క్‌బ్రైడ్ ఈ రెక్కల పద్ధతిని ఇంకా సరిచేశారు. వార్డులను ఒకే వరుసలో కాకుండా మెట్లు మెట్లుగా వెనక్కి జరిపి కట్టించారు. దాంతో ప్రతి వార్డుకూ రెండు వైపుల నుంచి గాలి, వెలుతురు. 1848లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్‌లో ఇలాంటి మొదటి ఆసుపత్రి తెరిచారు. ఒక ఆసుపత్రిలో 250 మందికి మించి ఉండకూడదని ఆయన గట్టిగా రాశారు. ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి. తర్వాత కథంతా ఈ అంకెను దాటడం వల్లే వచ్చింది.

కిటికీలు పెద్దవి, కానీ అద్దాలు చిన్న చిన్న గళ్లుగా ఉండేవి. గళ్ల మధ్య పట్టీలు ఇనుపవి. తలుపు తెరిస్తే నాలుగైదు అంగుళాలే తెరుచుకుంటుంది. గాలి వస్తుంది, మనిషి దూకలేడు. ఊచ కనబడదు, ఊచ చేసే పని జరిగిపోతుంది.

అన్నిటికంటే తమాషా అయినది గోడ. ఎత్తు గోడ కడితే రోగికి జైల్లో ఉన్నట్టుంటుంది. పొట్టి గోడ కడితే దూకి పోతాడు. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం, గోడను కందకంలో కట్టడం. లోపలి వైపు నేల నెమ్మదిగా పల్లంలోకి దిగుతుంది, ఆ పల్లం అడుగున గోడ లేస్తుంది. తోటలో నిలబడి చూస్తే నడుమెత్తు గోడే కనబడుతుంది, అవతల పొలాలు, చెట్లు కనబడతాయి. దగ్గరికి వెళ్తే మాత్రం కందకం లోతు కలుపుకుని గోడ నెత్తి పైకి ఉంటుంది. ఇంగ్లండులో దీన్ని 'హా-హా' గోడ అంటారు. జమీందార్ల తోటల్లోకి పశువులు రాకుండా కట్టే గోడను తెచ్చి ఇక్కడ వాడారు.

వార్డు వెనుక రోగులు తిరిగే ఆవరణ. ఆ వెనుక పొలం, పశువుల కొట్టం, బట్టలుతికే చోటు, వంటశాల, కుట్టుపని గది, నీళ్ల టవరు. మగవాళ్లు పొలంలో, ఆడవాళ్లు ఉతుకుడు, కుట్టుపనిలో. పని మనసుకు మంచిదని ఒక కారణం. పని చేయిస్తే ఆసుపత్రి ఖర్చు తగ్గుతుందన్నది రెండో కారణం. మొదటిది బోర్డు మీద, రెండోది పద్దుల్లో.

ఆరు మైళ్ల వసారా

ఈ కట్టడాల్లో పేరు మోసినది లండన్ ఉత్తరాన ఉన్న కోల్నీ హ్యాచ్. 1849లో రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ స్వయంగా శంకుస్థాపన చేశారు. 1851లో తెరిచారు. ఇటలీ రాజభవనాల తీరులో ముందుభాగమే అరకిలోమీటరుకు పైగా పొడవు. మధ్యలో గుమ్మటం, రెండు పక్కలా బురుజులు. 1,250 మంది కోసం కట్టారు. లోపలి వసారాలన్నీ కలిపితే ఆరు మైళ్లు వస్తాయని చెప్పుకునేవాళ్లు. ఆ ఏడాది లండన్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌కు వచ్చిన జనం దీన్నీ చూసి పోయారు.

కానీ కట్టిన కొద్ది కాలానికే లోటుపాట్లు బయటపడ్డాయి. వసారాలు మరీ పొడవు, చీకటి. బయట నుంచి భవనం, లోపల బిడారు. అంత పెద్ద చోట డాక్టరుకు రోగి పేరు గుర్తుండదు. యార్క్ రిట్రీట్‌లో ఇంటిల్లిపాదిలా ఉన్న కొద్దిమందికి పనికొచ్చిన పద్ధతిని పన్నెండు వందల మందికి తెచ్చి అతికించారు. ఇల్లు కాస్తా సత్రం అయింది, సత్రం కాస్తా గిడ్డంగి అయింది.

జనం పెరుగుతూనే పోయారు. నయమైనవాళ్లు బయటికి వెళ్లేది తక్కువ, ఇంట్లో చూసుకోలేక పంపేవాళ్లు ఎక్కువ. 1900 నాటికి ఇంగ్లండులో ఇలాంటి ఆసుపత్రుల్లో దాదాపు లక్ష మంది ఉన్నారు. కోల్నీ హ్యాచ్‌లో రోగులు రెండు వేలు దాటారు. చోటు చాలక పక్కన తాత్కాలికంగా చెక్కతో షెడ్డు లాంటి వార్డు కట్టి ఆడ రోగులను పెట్టారు. 1903 జనవరి 27 తెల్లవారుజామున ఆ చెక్క వార్డుకు నిప్పంటుకుంది. యాభై మందికి పైగా ఆడవాళ్లు కాలిపోయారు. రాణి భర్త రాయి వేసిన భవనం పక్కనే ఇది జరిగింది.

తెనాలి నుంచి మద్రాసుకు

ఇదంతా ఎక్కడో ఇంగ్లండులో జరిగిన సంగతి కదా, మన ఊళ్లతో ఏం పని అనిపించవచ్చు. కానీ ఆ నమూనా మన గుమ్మం దాకా వచ్చింది.

మద్రాసులో 1794లోనే వాలెంటైన్ కొనోలీ అనే సర్జన్ పురసవాక్కంలో 16 మందికి ఒక ఇల్లు నడిపారు. అప్పటికి అది వ్యాపారం, కంపెనీ ప్రభుత్వం అద్దె కట్టేది. 1857 తిరుగుబాటు తర్వాత పాలన నేరుగా బ్రిటిష్ రాణి చేతికి వచ్చింది. 1858లో పిచ్చాసుపత్రుల చట్టం చేశారు. వీధిలో తిరిగే రోగిని పోలీసులు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, డాక్టరు సర్టిఫికెట్టు ఇవ్వాలి, మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద ఆసుపత్రికి పంపాలి. రోగి దారి పోలీసు స్టేషన్ మీదుగా పోయేట్టు చట్టమే చేసిందన్న మాట. ఆ మరక ఇప్పటికీ వదల్లేదు.

1871లో మద్రాసు కీల్పాక్‌లోని లోకాక్ తోటలో ప్రభుత్వ ఆసుపత్రి తెరుచుకుంది. మొదట్లో సుమారు 145 మంది రోగులు. ప్రెసిడెన్సీలో విశాఖపట్నం, కాలికట్‌లలోనూ ఇలాంటివి వచ్చాయి. అప్పుడు బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాలన్నీ కృష్ణా జిల్లా కిందే ఉండేవి. గుంటూరు జిల్లా విడిగా ఏర్పడింది 1904లో. ఇక్కడి నుంచి ఒక రోగిని మద్రాసు తీసుకెళ్లాలంటే రైలు లేని రోజుల్లో కొమ్మమూరు కాల్వలో పడవెక్కి, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాల్వలోకి మారి, రోజుల తరబడి ప్రయాణం. రైలు పడ్డాక కాస్త సులువైంది. రేపల్లెకు రైలు వచ్చింది 1916లో. ఎలా వెళ్లినా, వెళ్లినవాళ్లను చూడటానికి ఇంటివాళ్లు ఎన్నిసార్లు వెళ్లగలరు? దూరమే ఒక గోడ.

ఇంగ్లండు నమూనాను మన ఎండకు తగ్గట్టు మార్చుకున్నారు. రెండు, మూడంతస్తులు పోయి ఒకే అంతస్తు బారెక్‌లు వచ్చాయి. చుట్టూ వసారా, ఎత్తైన పైకప్పు, దాని కింద వేడి గాలి పోయే కంతలు. ఒకే భవనంగా కాకుండా చెట్ల మధ్య విడివిడి బ్లాకులు. ఈ మాట వరకు మంచిదే. కానీ మధ్యలో ఇంకో గీత గీశారు. ఆడ, మగ వేరు చేసినట్టే తెల్లవాళ్లు, మనవాళ్లు వేరు. తెల్లవాళ్ల బ్లాకుకు మంచాలు, కుర్చీలు. మనవాళ్ల బ్లాకు జైలు బ్యారక్‌కు తోబుట్టువు. దానికి కారణం లేకపోలేదు. 1905 వరకు ఈ ఆసుపత్రులు జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ అజమాయిషీ కిందే ఉండేవి. ఎవరి చేతిలో ఉంటే కట్టడం వాళ్ల పోలికే తెచ్చుకుంటుంది.

హైదరాబాద్‌లోనూ అంతే. నిజాం కాలం నాటి మానసిక ఆసుపత్రి చంచల్‌గూడ జైలు ఆవరణలో ఉండేది. 1953లో గానీ ఎర్రగడ్డకు మారలేదు. మైసూరు సంస్థానంలో మాత్రం కాస్త తేడాగా ఆలోచించారు. 1930ల్లో దివాన్ సర్ మీర్జా ఇస్మాయిల్ హయాంలో, డాక్టర్ ఫ్రాంక్ నొరోన్హా పూనికతో బెంగళూరులో విశాలమైన తోటల మధ్య కొత్త మానసిక ఆసుపత్రి కట్టారు. ఇప్పుడు మన జిల్లాల నుంచి కూడా రోగులు వెళ్లే నిమ్హాన్స్ ఆ ఆవరణలోనే పెరిగింది.

బీమారిస్తాన్ అనే ఇంకో నమూనా

కట్టడమే వైద్యంలో భాగం అన్న ఆలోచన విక్టోరియా కాలంలోనే పుట్టిందా అంటే, కాదు. ఉర్దూ తెలిసినవాళ్లకు 'బీమార్' అంటే రోగి అని చెప్పక్కర్లేదు. బీమారిస్తాన్ అంటే రోగుల చోటు, దవాఖానా. డమాస్కస్‌లో 1154లో నూరుద్దీన్ కట్టించినది, కైరోలో 1284లో సుల్తాన్ ఖలావూన్ కట్టించినది పేరున్న బీమారిస్తాన్లు. వీటిలో జ్వరానికి, కంటికి, విరిగిన ఎముకలకు వార్డులున్నట్టే మనసు జబ్బులకూ వార్డు ఉండేది. మనసు జబ్బును ఊరి బయటికి తోయకుండా, బజారు మధ్య ఉన్న దవాఖానాలోనే ఒక వైపు చోటిచ్చారు.

సిరియాలోని అలెప్పోలో 1354 నాటి అర్గూన్ బీమారిస్తాన్ కట్టడం ఇప్పటికీ ఉంది. లోపల చిన్న చిన్న ఆవరణలు, ఒక్కోదాని మధ్యలో నీటి ఫౌంటెన్, చుట్టూ రోగుల గదులు. నీటి చప్పుడు, పైన ఆకాశం. టర్కీలోని ఎదిర్నేలో 1488లో సుల్తాన్ రెండో బాయజీద్ కట్టించిన దవాఖానాలో గుమ్మటం కింద నీళ్లు, చుట్టూ గదులు, వారంలో కొన్ని రోజులు సంగీతం. అది ఇప్పుడు మ్యూజియం.

అయితే ఇక్కడా కథ సజావుగా సాగలేదు. ఆలనాపాలనా తగ్గాక, వక్ఫ్ ఆదాయాలు పడిపోయాక చాలా బీమారిస్తాన్లు పాడుబడ్డాయి. ఇతర రోగులు వెళ్లిపోగా పిచ్చివాళ్లే మిగిలారు. చివరికి అరబ్బు దేశాల్లో కొన్నిచోట్ల 'మారిస్తాన్' అనే మాటకు పాగల్‌ఖానా అనే అర్థం స్థిరపడింది. లండన్‌లో అయినా, కైరోలో అయినా ఒకే పాఠం. కట్టడం ఎంత గొప్పదైనా, లోపల మనిషిని మనిషి చూసుకోకపోతే అది గోడలుగా మిగులుతుంది.

ఏర్వాడి: గోడలు లేని జైలు

మన దేశంలో 1946లో భోర్ కమిటీ లెక్క తీసినప్పుడు, నలభై కోట్ల జనానికి మానసిక ఆసుపత్రుల్లో ఉన్న పడకలు దాదాపు పదివేలు. అంటే నలభై వేల మందికి ఒకటి. అవీ కిక్కిరిసి ఉండేవి. మరి మిగతా రోగులంతా ఎక్కడున్నారు? ఇళ్లలో, వీధుల్లో, దర్గాల దగ్గర, గుళ్ల దగ్గర.

తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ప్రసిద్ధ దర్గా ఉంది. దేశం నలుమూలల నుంచి అన్ని మతాలవాళ్లూ మనసు బాగోలేని మనిషిని వెంటబెట్టుకుని వస్తారు. ఆ ఊళ్లో కొందరు ప్రైవేటువాళ్లు డబ్బు తీసుకుని రోగులను ఉంచుకునే షెడ్లు పెట్టారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అలాంటి ఒక తాటాకు షెడ్డుకు నిప్పంటుకుంది. లోపల నలభై మందికి పైగా గొలుసులతో కట్టేసి ఉన్నారు. పరిగెత్తడానికి లేదు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే చేపట్టింది. అక్కడి షెడ్లు మూయించారు.

కోల్నీ హ్యాచ్ చెక్క వార్డు, ఏర్వాడి తాటాకు షెడ్డు. మధ్యలో 98 ఏళ్లు. రెండుచోట్లా చంపింది నిప్పు ఒక్కటే కాదు. చోటు చాలకపోవడం, త్వరగా అంటుకునే కప్పు, బయటికి దారి లేకపోవడం. ఏర్వాడిలో ఎత్తు గోడ కూడా అక్కర్లేకపోయింది, గొలుసు ఉంది కదా. దువా చేయించుకోవడం తప్పని ఎవరూ అనరు. కానీ దువా చేయించిన చోట మనిషిని కట్టేసి వదిలి రావడం వేరు.

గుడారాలు వేసిన డాక్టరు

గోడల చరిత్రలో మన దేశం చేర్చిన ఒక మంచి పేజీ కూడా ఉంది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ చూస్తే వార్డులు నిండిపోయి ఉన్నాయి, సిబ్బంది చాలరు. ఆయన ఆవరణలో గుడారాలు వేయించి, రోగితో పాటు తల్లినో, అన్ననో, భార్యనో వచ్చి ఉండమన్నారు. రోజూ వాళ్లందరినీ కూర్చోబెట్టి జబ్బు గురించి, చూసుకునే తీరు గురించి చెప్పేవారు. రోగులు త్వరగా కోలుకుని ఇళ్లకు వెళ్లారు. ఇంటివాళ్లకూ భయం పోయింది. తర్వాత వెల్లూరు, బెంగళూరు వంటి చోట్ల కుటుంబంతో కలిసి ఉండే వార్డులు వచ్చాయి.

ఇంగ్లండు రెక్కల వార్డుల్లో లేనిది అదే. అన్ని లెక్కలూ వేసి, కిటికీ ఎన్ని అంగుళాలు తెరుచుకోవాలో కూడా తేల్చారు. ఇంటి మనిషి కూర్చోవడానికి చోటు మాత్రం గీయలేదు.

మందులు వచ్చాక, రోగిని ఇంట్లో ఉంచే చూడొచ్చని తెలిశాక, ఆ పెద్ద భవనాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కోల్నీ హ్యాచ్‌ను 1993లో మూసేశారు. ఇప్పుడు అందులో ఖరీదైన ఫ్లాట్లు ఉన్నాయి. ఒకప్పుడు బయటికి పోవాలని తపించిన గదుల్లోకి ఇప్పుడు జనం కోట్లు పోసి కొనుక్కుని వెళ్తున్నారు. కీల్పాక్, చినవాల్తేరు, ఎర్రగడ్డ మాత్రం ఇంకా ఆసుపత్రులుగానే ఉన్నాయి. వాటిలో ఎక్కువమంది వచ్చేది ఓపీకి. చూపించుకుని మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు.

ఇంటివాళ్లు ఏం చూడాలి?

పార్లమెంటు 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒకరకంగా కొత్త నక్షా. ఇటుకలతో కాదు, హక్కులతో గీసినది. ఏ మానసిక వైద్యశాలలో గానీ, పునరావాస కేంద్రంలో గానీ రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదు. ఒంటరి గదిలో పెట్టి తాళం వేయకూడదు. బలవంతంగా గుండు గీయకూడదు. సొంత బట్టలు వేసుకోవచ్చు. పని చేయిస్తే కూలి ఇవ్వాలి. ఇంటివాళ్లతో మాట్లాడే, కలిసే హక్కు ఉంది. ఇంట్లోవాళ్లు వద్దన్నారని చెప్పి మనిషిని ఏళ్లకేళ్లు ఆసుపత్రిలో ఉంచేయకూడదు. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు ప్రభుత్వ చోట్ల వైద్యం ఉచితం.

అమ్మీనో, అన్నయ్యనో, కూతురినో ఎక్కడైనా చేర్పించాల్సి వస్తే ముందు ఆ కట్టడాన్ని కళ్లారా చూసుకోవాలి:

గేటు దగ్గర ఆపేసి "లోపలికి రాకూడదు" అంటున్నారా, వార్డు చూపిస్తున్నారా?

పడుకునే గదికి కిటికీ ఉందా? వెలుతురు, గాలి వస్తున్నాయా?

నిప్పంటుకుంటే బయటికి రావడానికి రెండో దారి ఉందా? రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

మరుగుదొడ్డికి తలుపు ఉందా? ఆడవాళ్లకు విడిగా, భద్రంగా చోటు ఉందా?

పగలు తిరగడానికి, కూర్చోవడానికి ఆవరణ ఉందా? రోజంతా మంచానికే పరిమితమా?

ఇంటివాళ్లు వచ్చి కూర్చునే, తోడుండే వీలుందా?

మానసిక వైద్యుడు నిజంగా వస్తున్నాడా? చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితం ఉందా?

వీటిలో మొదటి ప్రశ్నకే తడబడితే అక్కడి నుంచి తిరిగి వచ్చేయడమే మేలు.

అసలు చాలామందికి చేర్పించాల్సిన పనే ఉండదు. నిద్ర పట్టకపోవడం, మనిషి ముభావంగా మారిపోవడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడటం, లేనిపోని అనుమానాలు, చచ్చిపోవాలన్న మాటలు ఉంటే తొందరగా చూపించాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లకు గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది. కాల్వలో పడవెక్కి మద్రాసు పోయే రోజులు కావు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చూపించుకుని రావచ్చు. ఎటు వెళ్లాలో తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు.

పాగల్‌ఖానా గోడ నూట యాభై ఏళ్ల కింద రోగం తెలియని రోజుల్లో, మందు లేని రోజుల్లో లేచింది. ఇప్పుడు రోగం తెలుసు, మందు ఉంది. ఆ గోడను ఇంకా నిలబెడుతున్నది మన ఇళ్లలోని "నలుగురూ ఏమనుకుంటారు" అనే మాటే. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే ఎలా చెప్పుకుంటామో, మనసు జబ్బు చేసినా అలాగే చెప్పుకోగలిగిన రోజున ఆ గోడతో పని ఉండదు.